పాత ఇంటికి కొత్త వైరింగ్: బెజవాడ ఇళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సత్యనారాయణపురం, గవర్నర్‌పేట, వన్‌టౌన్ వీధుల్లో యాభై అరవై ఏళ్ల నాటి ఇళ్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఆ సున్నపు గోడలు, టేకు దూలాలు ఇంకో తరాన్ని చూడగలవు. లోపలి కరెంటు తీగలకు మాత్రం అంత ఆయుష్షు లేదు. ఇంటికి నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో ఉన్న రోజుల్లో వేసిన వైరింగ్ మీద ఇప్పుడు ఏసీలు, గీజరు, ఫ్రిజ్, గ్రైండరు, ఇండక్షన్ పొయ్యి నడుస్తున్నాయి. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని పాత ఇళ్లదీ ఇదే పరిస్థితి.

వైరింగ్ మార్పించేటప్పుడు గోడ మీద కనిపించే స్విచ్చుల అందానికి బోలెడు ఖర్చు పెట్టి, గోడలోపల కనిపించని ఆకుపచ్చ ఎర్త్ తీగ (దారి తప్పిన కరెంటును నేలలోకి పంపే తీగ) దగ్గర పొదుపు చేసేవారు చాలామంది ఉన్నారు. మనిషి ప్రాణం నిలబెట్టేది ఆ తీగే. కింది జవాబులు చదివేటప్పుడు ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి.

మా ఇంట్లో వైరింగ్ మార్చాల్సిన స్థితి వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఇల్లే చెబుతుంది. గ్రైండరు వేయగానే లైట్లు మసకబారడం, ప్లగ్గు తీసి చూస్తే సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ, స్విచ్ బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగలడం, ఎక్కడో ప్లాస్టిక్ కాలుతున్న వాసన, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చిన్నగా జివ్వుమనడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వాయిదా వేయకండి. జివ్వుమనే షాకును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చెప్పులు వేసుకుని పొడి నేల మీద నిలబడ్డారు కాబట్టి అది చిన్న షాకు అయింది. తడి కాళ్లతో అదే తలుపు ముట్టుకుంటే ఫలితం వేరుగా ఉంటుంది.

పాత చెక్క బోర్డు ఒకటి విప్పించి లోపల చూడండి, అయితే మెయిన్ ఆపిన తర్వాతే. రబ్బరు తొడుగు మీద బట్ట చుట్టిన తీగలు కనిపిస్తే, కొంచెం వంచగానే ఆ రబ్బరు పెళుసుగా రాలిపోతుంది. లోపలి రాగి తీగ నల్లబడి ఉంటుంది. రెండు తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింట్లు, ఆ టేపు జిగురు ఎండి ఊడిపోయి వేలాడుతూ ఉంటాయి. మూలల్లో చీమల మట్టి, బల్లి గుడ్లు. పింగాణీ ఫ్యూజు పక్కన చెక్క మీద మసి చార. ఆ మసి చార కనిపించిందంటే అక్కడ ఒకసారి నిప్పు పుట్టి ఆరిపోయిందని అర్థం.

కంటికి కనిపించని లోపాలకు మెగ్గర్ పరీక్ష ఉంది. 500 వోల్టుల డీసీ పంపి తీగ తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు. రీడింగు ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ లైనును నమ్మకూడదు.

ఎన్నేళ్లకోసారి మార్చాలి?

తేదీ ప్రకారం మార్చే వస్తువు కాదిది. పీవీసీ తొడుగు ఉన్న మంచి రాగి తీగ, మోయగలిగినంత భారమే మోస్తూ వస్తే, పాతికేళ్లు దాటి కూడా బాగుంటుంది. పాతికేళ్లు దాటిన ఇంటిని ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించండి. రబ్బరు తొడుగు తీగలు, టేకు పట్టీల మీద క్లిప్పులతో బిగించిన వైరింగ్ ఇంకా వాడుకలో ఉంటే పరీక్ష కూడా అక్కర్లేదు, మార్చేయండి.

వేసవి రాత్రుల్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. కాస్త లావు తీగ చుట్టవచ్చా? 16 ఆంపియర్ల ఎంసీబీ తీసేసి 32ది పెడితే సరిపోతుందా?

వద్దు. ఈ జవాబులన్నిటిలో అతి ముఖ్యమైన మాట ఇదే. ఫ్యూజుగానీ, భారం ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే ఎంసీబీ స్విచ్చుగానీ ఉన్నది గోడలోని తీగను కాపాడటానికి. తీగ మోయలేనంత కరెంటు వెళ్తోందని అది చెబుతుంటే, మనం దాని నోరు మూసేస్తున్నాం. తీగలో కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మామూలు పీవీసీ తొడుగు తట్టుకోగల వేడి 70 డిగ్రీలు. రోహిణి కార్తెలో బయటే 45 డిగ్రీలుంటే, ఎండకు కాగిన స్లాబులోని పైపులో ఇంకా ఎక్కువ ఉంటుంది. అంటే కరెంటు పారకముందే తీగ సగానికి పైగా వేడెక్కి ఉంది. మీరు పడుకున్నాక ఏసీ గంటల తరబడి నడుస్తుంది. తొడుగు మెత్తబడేది, కాలేది అప్పుడే.

ఫ్యూజు పోతోందంటే ఆ లైను మీద భారమైనా తగ్గించాలి, లేదా కొత్త లావు తీగ లాగి దానికి తగ్గ ఎంసీబీ పెట్టాలి. మూడో దారి లేదు.

మరో సంగతి. పాత పింగాణీ బోర్డుల్లో ఫేజ్‌కు (కరెంటు తెచ్చే తీగ) ఒకటి, న్యూట్రల్‌కు (తిరుగు తీగ) ఒకటి చొప్పున జంట ఫ్యూజులు ఉండేవి. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది, కానీ హోల్డర్ దాకా ఫేజ్ వస్తూనే ఉంటుంది. కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టినవారికి షాకు తగులుతుంది. మీ ఇంట్లో న్యూట్రల్ మీద విడిగా ఫ్యూజు ఉంటే మిగతా పని కోసం ఆగకుండా ముందు దాన్ని తీసేయించండి.

మా ఇంట్లో అల్యూమినియం తీగలున్నాయి. అవి ప్రమాదమా?

తీగ మధ్యలో పెద్ద ఇబ్బంది ఉండదు, కొసల దగ్గరే ఉంటుంది. అల్యూమినియం మీద గాలి తగిలితే కరెంటును అడ్డుకునే పొర ఏర్పడుతుంది. స్క్రూ కింద బిగించిన చోట ఆ లోహం మెల్లగా అణిగి, బిగువు సడలుతుంది. సడలిన చోట వేడి, వేడికి మరింత సడలింపు. దానికి రాగి తీగను నేరుగా మెలిపెట్టి కలిపితే తేమకు ఆ అతుకు తినేసుకుపోతుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోతకు తక్కువ లేదు కదా. అదీకాక కరెంటును పారనిచ్చే గుణం అల్యూమినియానికి రాగిలో సుమారు 60 శాతమే, కాబట్టి ఒకే మందంలో అది రాగి కన్నా తక్కువ కరెంటు మోస్తుంది. ఇంటి లోపల రాగికి మారిపోవడమే మంచిది. కొంత అల్యూమినియం ఉంచి కొంత రాగి కలిపే అతుకుల పనికి ఒప్పుకోకండి.

ఏ లైనుకు ఎంత మందం తీగ కావాలి? మా ఎలక్ట్రీషియన్ 3/20, 7/20 అంటాడు, దుకాణంలో ఒకటిన్నర, రెండున్నర అంటారు.

పాత లెక్కలో మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది పోగు గేజీ. 3/22 అంటే దాదాపు 1.2 చదరపు మిల్లీమీటర్లు, 3/20 అంటే 2, 7/20 అంటే 4.6. ఇప్పటి లెక్క నేరుగా చదరపు మిల్లీమీటర్లలోనే ఉంటుంది.

లైట్లు, ఫ్యాన్ల లైనుకు 1.5 తీగ, 10 ఆంపియర్ల లోపు ఎంసీబీ. వంటింట్లో, వాషింగ్ మెషీన్ దగ్గర ఉండే 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5 తీగ, 16 ఎంసీబీ. ఏసీకీ గీజరుకీ 4 తీగ, 20 ఎంసీబీ. ఈ రెండూ ఒకే లైను మీద ఉండకూడదు, ప్రతిదానికీ బోర్డు నుంచి విడిగా తీగ రావాలి. మీటరు నుంచి డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) వచ్చే మెయిన్ తీగ మందాన్ని మొత్తం లోడు లెక్కవేసి నిర్ణయించాలి. మామూలుగా 6 గానీ 10 గానీ పడుతుంది.

లెక్క మీరే వేసుకోవచ్చు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యికి 8.7, 3000 వాట్ల గీజరుకు 13. వంటింట్లో ఇండక్షన్, మిక్సీ, ఓవెన్ ఒకే పూట నడిచే ఇంట్లో రెండు వేర్వేరు 16 ఆంపియర్ల లైన్లు వేయించండి. పండగ నాటి ఉదయం ఆ వంటింట్లో ఏమేమి ఒకేసారి నడుస్తాయో ఇంటి ఆడవారిని అడిగి రాసుకున్నాకే సాకెట్లు ఎక్కడ రావాలో నిర్ణయించాలి. అలా అడగనిచోట ఎక్స్‌టెన్షన్ బోర్డులు పుట్టుకొస్తాయి.

మంచి తీగను ఎలా గుర్తుపట్టాలి?

తొడుగు మీద ఐఎస్ 694 అనే ప్రమాణం నంబరు, ఐఎస్‌ఐ గుర్తు, లైసెన్సు నంబరు అచ్చై ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. చుట్ట సాధారణంగా 90 మీటర్లు ఉంటుంది. మంటను పాకనివ్వని ఎఫ్ఆర్ రకం కనీసం తీసుకోండి, పొగ తక్కువ వచ్చే ఎఫ్ఆర్‌ఎల్‌ఎస్ రకం ఇంకా మంచిది. బిల్లు లేకుండా చవకగా ఇస్తామన్న తీగ కొనకండి. ఫేజ్‌కు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ రంగు తీగలు విడివిడిగా తెప్పించండి. మిగిలిపోయిన ఎర్ర తీగతోనే అన్నీ లాగేస్తే తర్వాత వచ్చిన పనివాడికి ఏది ఏదో తెలియదు.

పాత ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో పై రంధ్రం వెనక ఏ తీగా లేని సాకెట్లు ఎన్నో ఉన్నాయి. అంతకన్నా ప్రమాదకరమైనది, పై రంధ్రాన్ని పక్కనున్న న్యూట్రల్‌కు చిన్న ముక్కతో కలిపేయడం. పరీక్ష చేస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. గాలివానకు సర్వీసు తీగలో న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ ఒళ్లంతా, వాషింగ్ మెషీన్ ఒళ్లంతా 230 వోల్టులు నిలబడతాయి. ఆ ముక్క మీ ఇంట్లో ఏ సాకెట్‌లోనూ ఉండకూడదు.

ఒకప్పుడు ఎర్త్ తీగను మునిసిపల్ కుళాయి ఇనుప పైపుకు చుట్టేవారు. ఆ పైపుల స్థానంలో ప్లాస్టిక్ పైపులు వచ్చాక ఆ తీగ నేలను చేరడం మానేసింది. ఇంట్లో మిగిలిన ఇనుప ముక్కకు, కుళాయికి మాత్రం కరెంటు చేరగలదు. స్నానాల గదిలో కుళాయి ముట్టుకుంటే షాకు కొట్టే ఇళ్లలో ముందుగా వెతకాల్సింది ఇక్కడే.

ఎర్త్ గుంత ఉన్న ఇళ్లలోనూ చూడాల్సినవి ఉన్నాయి. పైపు ఎర్తింగ్‌కు కనీసం రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు నేలలోకి దిగాలి. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో ఏళ్లు గడిచాక ఉప్పే పైపును తినేస్తుంది. పైన తీగ బిగించిన నట్టు తుప్పుపట్టి, వేలితో కదిలిస్తే ఊడి వస్తుంది. పెరడంతా సిమెంటు చేసేశాక గుంతలోకి వాననీరు కూడా దిగదు. వేసవిలో నేల ఎండిపోయి, షాకుల ఫిర్యాదులు ఏప్రిల్, మే నెలల్లోనే పెరుగుతాయి. గుంతకు మూత, నీళ్లు పోసే గరాటు ఉండేలా కట్టించి, వేసవిలో వారానికో బిందె పోయండి.

ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి వెలిగితే ఎర్తింగ్ బాగుందని చెప్పేవారి మాట నమ్మకండి. వంద వాట్ల బల్బుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు. బాగా చెడిపోయిన ఎర్త్ మీద కూడా అది చక్కగా వెలుగుతుంది. ఎర్త్ టెస్టర్‌తో ఓమ్‌లలో కొలిచి, అంకె రాసి ఇవ్వమనండి.

ఎంసీబీలు ఉన్నాయి కదా, మళ్లీ ఆర్‌సీసీబీ ఎందుకు?

ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఒక లెక్క చూడండి. మీ ఎర్తింగ్ బాగానే ఉంది, 5 ఓమ్‌లు వచ్చిందనుకుందాం. గీజరు లోపల ఫేజ్ తీగ దాని ఇనుప ఒంటికి తగిలింది. 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు నేలలోకి వెళ్తాయి. ఇళ్లలో వాడే సీ రకం 16 ఎంసీబీ తక్షణం పడిపోవాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 46కి అది వేడెక్కి పడిపోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లలో స్నానం చేస్తున్న మనిషి కుళాయి పట్టుకుని ఉండవచ్చు.

ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతులోపే ఆపేస్తుంది. తేడా ఇంకా ఎక్కువైతే ఇంకా త్వరగా ఆపుతుంది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోండి. 100, 300 రకాలు మంటల నివారణకు పనికొస్తాయి, మనిషిని షాకు నుంచి కాపాడవు. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి ముట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా గుర్తించలేదు. ఓవర్‌లోడు దాని పని కాదు. అందుకని రెండూ ఉండాలి. ఆర్‌సీసీబీ మీద టీ అని రాసి ఉన్న మీట ఉంటుంది, నెలకోసారి నొక్కి అది పడుతోందో లేదో చూడండి.

ఒక్కసారిగా అంతా మార్చే డబ్బు లేనివారు ముందు ఎర్త్ గుంత, దానితోపాటు ఆర్‌సీసీబీ పెట్టించుకుని, మిగతాది తర్వాత చేయించుకోండి. మా సలహా ఇదే.

ఆర్‌సీసీబీ పెట్టించాం. ఊరికే పడిపోతోంది. తీసేస్తే సరిపోతుందని పనివాడు అంటున్నాడు.

ఊరికే పడదు. పాత ఇళ్లలో దీనికి కారణం చాలాసార్లు అరువు న్యూట్రల్. హాల్లో ఫ్యాన్‌కు ఫేజ్ ఒక లైనుది, దగ్గరగా ఉందని న్యూట్రల్ పడకగది లైనుది. ఒక్కో లైనుకు ఒక్కో ఆర్‌సీసీబీ పెట్టినప్పుడు ఒకదాంట్లో వెళ్లిన కరెంటు ఇంకోదాంట్లోంచి తిరిగొస్తుంది, రెండూ పడిపోతాయి. ఇన్వర్టర్ కోసం తర్వాత లాగిన లైన్లలోనూ ఇదే తంతు. మరికొన్నిచోట్ల న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలిసి ఉంటాయి, లేదా గీజరు కాయిల్ చెడిపోయి ఉంటుంది, లేదా మిద్దె కారి జంక్షన్ బాక్సులో తేమ చేరి ఉంటుంది.

లైన్లన్నీ ఆపి ఒక్కొక్కటి కలుపుతూ పోతే ఏ లైనులో తప్పుందో దొరుకుతుంది. సగం పూట పని. ఓపిక లేనివారు ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా తీగ కలిపేస్తారు. దానికి మాత్రం ఒప్పుకోకండి.

గోడలన్నీ పగలగొట్టాలా? మాది మద్రాసు మిద్దె.

అక్కర్లేదు. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన మిద్దెను అసలు తవ్వకూడదు. సున్నపు గోడల్లో నిలువుగా సన్నని గాడి కొట్టవచ్చు గానీ అడ్డంగా పొడవైన గాడి కొడితే గోడ బలం తగ్గుతుంది. ఇలాంటి ఇళ్లకు గోడపైనే పీవీసీ పట్టీల్లో తీగలు నడపడం అన్నిటికన్నా మేలు. తలుపు చట్రాల పక్కగా, దూలాల అంచుగా నడిపి గోడ రంగే వేస్తే కంటికి కనిపించవు. రేపు ఏదైనా తేడా వస్తే మూత తీసి చూసుకోవచ్చు కూడా. పాత నల్ల బేకలైట్ స్విచ్చుల మీద మమకారం ఉన్నవారు వాటిని కరెంటు లేకుండా గోడ మీద అలాగే ఉంచుకోవచ్చు. తాతల ఇల్లంటే ఆ మాత్రం ఉండాలి.

బుడమేరు వరదలో మా ఇల్లు మునిగింది. నీళ్లు తీశాక అన్నీ పనిచేశాయి. ఇంకా ఏమైనా చేయాలా?

చేయాలి. 2024 సెప్టెంబరు మొదట్లో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి బురద నీటిలో ఉన్నాయి. మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ, స్విచ్చు, సాకెట్ ఎండాక పనిచేసినట్టే ఉంటాయి. లోపలి స్ప్రింగు, కొసలు తుప్పుపడుతూ ఉంటాయి. అవసరమైన క్షణంలో పడాల్సిన మీట పడదు. మునిగినవన్నీ మార్చాల్సిందే. పైపుల్లోని పీవీసీ తీగలు బతకవచ్చు, కానీ మెగ్గర్ పరీక్ష తర్వాతే వాటిని ఉంచాలి. పైపుల్లో చేరిన ఒండ్రు తీయించాలి.

మళ్లీ వైరింగ్ చేయిస్తున్నప్పుడు గోడ మీద మిగిలిన నీటి గీతను చూడండి. డిస్ట్రిబ్యూషన్ బోర్డు, సాకెట్లు ఆ గీతకు పైనే రావాలి. తీగలు నేల వెంట కాకుండా పైనుంచి కిందకు దిగాలి. కింది అంతస్తుకు, పై అంతస్తుకు విడివిడి మెయిన్ స్విచ్చులు పెడితే, కింద నీళ్లున్నా పైన లైటు, ఫోను ఛార్జింగు నడుస్తాయి. మీటరును ఎత్తులోకి మార్చే పని కరెంటు పంపిణీ సంస్థ డిస్కందే, దాని సీలు మీరు ముట్టకూడదు.

లోడు పెంచుకోవాలంటే ఎవరిని అడగాలి?

విజయవాడ, గుంటూరు రెండూ ఏపీసీపీడీసీఎల్ అనే డిస్కం పరిధిలోనివే. కరెంటు బిల్లు మీద మంజూరైన లోడు ఉంటుంది. ఏసీలు పెంచుతున్నప్పుడు అదనపు లోడుకు దరఖాస్తు చేసి, తగిన చార్జీలు కట్టండి. లోడు బాగా పెరిగితే మూడు ఫేజుల సర్వీసు పడుతుంది. అప్పుడు భారాన్ని మూడు ఫేజులకూ సమానంగా పంచాలి, మెయిన్ న్యూట్రల్ బిగింపు మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. అది ఊడితే కొన్ని గదుల్లో వోల్టేజీ 400 దాకా ఎగిరి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. సర్వీసు తీగలో, స్తంభం దగ్గర తేడా ఉంటే 1912కు ఫోను చేయండి. మీటరు తర్వాతి బాధ్యత ఇంటి యజమానిది.

ఎవరితో చేయించాలి?

లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో, పర్మిటు ఉన్న వైర్‌మన్‌తో. బల్బులు, ఫ్యూజులు మార్చుకోవడం వంటి చిన్న పనులు తప్ప వైరింగ్ మార్పు అలాంటివారే చేయాలని నిబంధన. మాట్లాడుకునే ముందు ఎర్త్ టెస్టర్, మెగ్గర్ ఉన్నాయా అని అడగండి. టెస్టరు స్క్రూడ్రైవరు ఒక్కటే చూపించే మనిషికి ఇల్లంతా అప్పగించకండి.

ఎక్కడ ఖర్చు తగ్గించుకోవచ్చు?

స్విచ్చుల ప్లేట్ల మీద, అలంకార దీపాల మీద. తీగ మందం, ఆర్‌సీసీబీ, ఎర్త్ గుంత, ఎంసీబీల దగ్గర తగ్గించవద్దు. పాయింటుకు ఇంతని మాట్లాడుకునేటప్పుడు తీగ రకం, మందం, ఎర్త్ తీగ కూడా అందులోనే అని కాగితం మీద రాయించుకోండి. పని వేసవికి ముందే, సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే నింపాదిగా జరుగుతుంది. గది తర్వాత గది చేయిస్తే ఇంట్లో ఉంటూనే గడుపుకోవచ్చు.

తర్వాత సోలార్ పెట్టించాలనుకుంటున్నాం.

అయితే ఇప్పుడే బోర్డులో ఖాళీ స్థలం, మిద్దె నుంచి బోర్డు దాకా ఖాళీ పైపు ఒకటి ఉంచమనండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకు 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల వరకు, మూడు కిలోవాట్లకూ ఆపైన గరిష్ఠంగా 78 వేల రూపాయలు రాయితీ ఉంది. ప్యానెళ్లకు, పిడుగు రక్షణకు విడి ఎర్తింగులు కావాలి, కాబట్టి గుంతలకు స్థలం ముందే చూసుకోండి.

పని పూర్తయింది. డబ్బు ఇచ్చే ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రతి స్విచ్చు ఆపి, టెస్టరుతో ఆ హోల్డరులో ఫేజ్ రావడం లేదని చూడండి. వస్తోందంటే స్విచ్చును న్యూట్రల్ మీద పెట్టేశారు. ఆర్‌సీసీబీ మీట నొక్కించండి. బోర్డులో ప్రతి ఎంసీబీ పక్కన అది ఏ గదిదో తెలుగులో రాయించండి, అత్యవసరంలో ఇంట్లో ఎవరైనా చదివి ఆపగలగాలి. ప్రతి లైనుకూ మెగ్గర్ రీడింగు, ఎర్త్ ఓమ్‌లు రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. గాడులు పూడ్చకముందే గోడల ఫొటోలు తీసి ఉంచుకోండి, రేపు మేకు కొట్టేటప్పుడు తీగ ఎటు వెళ్తోందో తెలుస్తుంది. వాడకం ఆపిన పాత తీగలు గోడలో మిగిలి ఉంటే వాటిని రెండు కొసలా విడదీశారో లేదో అడగండి. వదిలేసిన పాత తీగకు ఎక్కడో ఒకచోట కరెంటు ఇంకా అందుతూ ఉండటం పాత ఇళ్లలో తరచూ కనిపిస్తుంది.